అంచులో గీత లేని అద్దం

ఏ బండి ఎక్కినా నేను వెంటనే కూర్చోను. కిటికీ అద్దం కింది మూల చూస్తాను, కంపెనీ ముద్ర ఉందా లేదా అని. ముద్ర ఉన్నా నమ్మను. వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటాను. అంచు బయటికి కనిపిస్తే గోరుతో రాస్తాను. బస్సయినా, జీపయినా, పెళ్ళివారు పంపిన కారయినా ఇదే వరస. మా పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. "అమ్మా, ఎక్కు, వెనక జనం తిట్టుకుంటున్నారు" అంటారు. తిట్టుకోనీ, నాకేం. ఈ మధ్య అరకు వెళ్ళే రైలుకి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు, పైకప్పు కూడా అద్దమే. కిందటేడు నాన్న పోయాడని కబురు వచ్చినప్పుడు వేరే టిక్కెట్టు దొరక్క ఆ పెట్టెలోనే వెళ్ళాను. సొరంగం వచ్చినప్పుడల్లా చుట్టూ జనం కేకలు వేస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఏడుస్తూనే పక్కనున్న అద్దం తట్టి చూశాను. ఈ అలవాటు నాకు నేర్పింది ఆ పోయిన మనిషే.

నాన్న పేరు సింహాచలం. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో కొండెక్కి వచ్చి, అరకు బజారులో ఫోటో ఫ్రేముల షాపు పెట్టాడు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. దేవుడి పటాలకి, పెళ్ళి ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడు, క్వార్టర్స్ కిటికీలకి అద్దాలు వేసేవాడు. పెళ్ళి కానుకగా ఇచ్చే నిలువుటద్దాల మీద మైనం పూసి, సూదితో పేర్లు గీసి, యాసిడ్ పోసి ఆ అక్షరాలు తెల్లగా తేలేట్టు చేసేవాడు. ఇల్లంతా సుద్దపొడి, అవిసె నూనె కలిపిన పుట్టీ వాసన, కట్టరు ముంచే కిరసనాయిలు వాసన. అమ్మ ఎంత పోపు పెట్టినా పప్పులోకి కూడా ఆ వాసన దిగేదని నాకు అనుమానం. అమ్మ పొద్దున్నే గది ఊడ్చి, తడిబట్ట పెట్టి, ఆపైన పిండిముద్ద తీసుకుని నేలంతా అద్దేది. చీపురుకి దొరకని గాజు పలుకులు పిండికి అంటుకుంటాయి. ఆ పని అయ్యేదాకా నన్ను మంచం దిగనిచ్చేది కాదు. ఇంత గాజు మధ్య బతికిన మా నాన్న టీ మాత్రం గాజు గ్లాసులో తాగేవాడు కాదు. ఏ హోటలుకి వెళ్ళినా స్టీలు గ్లాసు అడిగేవాడు. "రోజల్లా దానితోనే కదరా సావడం, నోట్లోకి కూడా అదేనా?" అని నవ్వేవాడు.

ఆ రోజుల్లో మా వైపు తిరిగేవన్నీ ముసలి బండ్లే. మైదానంలో అరిగిపోయి, ఇక పనికిరావు అనుకున్నవి కొండెక్కి మా దగ్గరికి వచ్చేవి. సంతకి జనాన్ని మోసే జీపులు, కాఫీ తోటల వ్యాన్లు, ఎవరి తాతల కాలానివో కార్లు. వాటి అద్దాలు వంపు లేకుండా పలకల్లా ఉండేవి కాబట్టి, ఒకటి పగిలితే ఎవడు పడితే వాడు ఇంటి కిటికీ అద్దం కోసి అందులో దోపేసేవాడు. అది చూస్తే నాన్నకి ఒళ్ళు మండేది. బజారులో జీపు ఆగితే చాలు, చేస్తున్న పని వదిలేసి వెళ్ళి తలుపు అద్దం తట్టేవాడు. టింగుమంటే ఇంటి అద్దం. బొత్తిగా మూగగా ఠప్పుమంటే జోడు అద్దం. రెండు పలచటి అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన దాన్ని నాన్న జోడు అద్దం అనేవాడు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మనిషి మీద పడవు. ఇంటి అద్దం పగిలితే కత్తులే. "ఒరే, జనాన్ని ఎక్కించుకుంటన్నావా, కత్తులెట్టుకుని తిప్పుతన్నావా?" అని డ్రైవర్ని నలుగురిలో పట్టుకుని దులిపేసేవాడు. వైజాగు నుంచి జోడు అద్దం వచ్చేదాకా ఆ కిటికీకి ప్లైవుడ్ ముక్క బిగించి పంపేవాడు కానీ, ఎంత బతిమాలినా ఇంటి అద్దం వేసేవాడు కాదు. అందుకే అరకు చుట్టుపక్కల నాన్న మాటంటే మాటే. అద్దాల సావుకారు వేశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు అనేవారు.

ఈ విద్యలో ఆయనకి ఇద్దరు శిష్యురాళ్ళం. నేను, గురుబారి. గురుబారి కాఫీ తోట బంగ్లా కారు డ్రైవరు బుద్రన్న కూతురు. వాళ్ళది డుంబ్రిగుడ పక్క ఊరు. మా బడిలోనే హాస్టల్లో ఉండి చదువుకునేది, సెలవొస్తే మా ఇంట్లోనే ఉండేది. అమ్మ ఇద్దరికీ ఒకే దువ్వెనతో తలలు దువ్వి ఒకే రంగు రిబ్బన్లు కట్టేది. నాన్న మా ముందు రెండు ముక్కలు పెట్టి "కళ్ళు మూసుకుని అంచు రాయండే. ఏది జోడు?" అని అడిగేవాడు. జోడు అద్దం అంచుని గోటితో రాస్తే నడిమధ్యన సన్నటి గీత తగులుతుంది, అది ప్లాస్టిక్ పొర. నేను ఒక్కోసారి తప్పు చెప్పేదాన్ని. గురుబారి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. "నీకంటే ఈ గుంట నయమే, రవణా" అని నాన్న నన్ను ఏడిపించేవాడు. పాత జోడు అద్దాలు పసుపు తిరగడం, అంచుల నుంచి లోపలికి పాలు విరిగినట్టు తెల్లటి నురగ పాకడం, అలాంటివి ఇక మార్చెయ్యాలని తెలుసుకోవడం, అన్నీ మాకు ఆటల్లోనే వచ్చేశాయి.

మాకు అన్నిటికంటే ఇష్టమైంది జోడు అద్దం కొయ్యడం చూడటం. మామూలు అద్దమైతే ఒకసారి గీసి విరిస్తే అయిపోతుంది. జోడు అద్దానికి అటూ ఇటూ గీత గీసి, రెండు వైపులా నొక్కి చిట్లించి, ఆ చీలికలో స్పిరిట్ పోసి నాన్న అగ్గిపుల్ల గీసేవాడు. నీలం మంట గీత పొడుగునా పరుగెత్తేది. లోపలి పొర మెత్తబడగానే రెండు ముక్కల్నీ కాస్త ఎడంగా లాగి బ్లేడుతో పొర తెంపేవాడు. అంతా రెండు నిమిషాల పని. ఆ మంట కోసం మేము బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. ఆ స్పిరిట్ తియ్యటి ఘాటు వాసన షాపులో చాలాసేపు ఉండేది.

ఇక బంగ్లా కారు సంగతి. కాఫీ తోట బంగ్లాలో తెల్లదొరల నాటి నల్లకారు ఒకటి ఉండేది. బుద్రన్న దాన్ని తన కంటే శుభ్రంగా ఉంచేవాడు. పసుపు గుడ్డతో రోజూ తుడిచేవాడు, వాన వస్తే తన గొంగడి తీసి దాని మూతి మీద కప్పేవాడు. ఒక వానాకాలం ఆఖరున సినిమావాళ్ళు షూటింగుకి ఆ కారు కావాలని వచ్చారు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఎడమ వైపు వెనక తలుపు అద్దం నురగ తిరిగిపోయి ఉంది, కెమెరాలో తెల్లగా మచ్చలా పడుతుందన్నారు. కొత్త అద్దం వెయ్యమని బంగ్లా మేనేజరు నాన్నతో చెప్పాడు. కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోయిన రోజులవి. ఎలాగో ఒకే ఒక్క జోడు పలక లారీ మీద వచ్చింది. మర్నాడే షూటింగు. బడి నుంచి రాగానే నేనూ గురుబారీ షాపు అరుగు మీద చతికిలబడ్డాం. ఆ రోజెందుకో నాన్న షాపు తలుపు వేసుకుని లోపల పని చేసుకున్నాడు. సాయంత్రానికి అద్దం తయారైంది, బంగ్లాకి తీసుకెళ్ళి తనే బిగించాడు. మేమూ వెంట వెళ్ళాం. "ఇదిగో సూడండే, ముద్ర" అని కింది మూల చూపించాడు. గుండ్రటి తెల్లటి ముద్ర, లోపల ఇంగ్లీషు అక్షరాలు. అంచులు అప్పటికే తలుపు గాడిలోకి దిగిపోయాయి. నేను ముద్ర చూసి మురిసిపోయాను, తట్టి చూడనే లేదు. మా నాన్న వేసిన అద్దం సినిమాలో పడుతుందని బళ్ళో అందరికీ చెప్పుకున్నాను.

షూటింగు అయిపోయింది. తరవాత కొన్ని వారాలకి, ఒక సంత రోజు, బంగ్లా పని మీద డుంబ్రిగుడ వెళ్తూ బుద్రన్న మా ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. బయల్దేరేటప్పుడు నాన్న షాపు గుమ్మంలో నిలబడి నన్ను పిలిచాడు. "రవణా, నువ్వు కుడిపక్క కూకో. ఎడంపక్క ఎండ కొడతాది" అన్నాడు. నేను కుడిపక్క కూర్చున్నాను. ఎప్పుడూ కిటికీ కోసం నాతో తగువు పడే గురుబారి ఆ రోజు తగువు లేకుండానే ఎడమ కిటికీ దొరికిందని సంబరపడింది. దారిలో నిజానికి ఎండే లేదు, మబ్బుగా ఉంది. డుంబ్రిగుడ ఇంకా కొద్ది దూరం ఉందనగా మలుపులో ఆవు అడ్డం వచ్చింది. బుద్రన్న కారుని పక్కకి తిప్పాడు. కారు ఎడమ వైపు గట్టుకి ఒరుసుకుని ఆగింది. అంతే. పెద్ద దెబ్బ కూడా కాదు, నా జడ రిబ్బను కూడా ఊడలేదు. కానీ గురుబారి వైపు అద్దం భళ్ళుమంది. చూస్తే దాని ఒళ్ళో జానెడు ముక్కలున్నాయి, అది రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. దాని ఎడమ కన్ను పోయింది.

అది ఇంటి అద్దమని ముక్కలు చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. మరి ఆ తలుపులోకి ఇంటి అద్దం ఎలా వచ్చింది? గురుబారి ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, తరవాతి డుంబ్రిగుడ సంతలో, చింతచెట్టు కింద బుద్రన్న వాళ్ళ ఊరికి తీర్పు చెప్పే నాయుడు, పెద్దలు, బంగ్లా మేనేజరు కూర్చున్నారు. తలుపులో ఇరుక్కున్న ముక్కలన్నీ నాన్నే తీసి గోనెసంచిలో తెచ్చాడు. నన్నూ తీసుకెళ్ళాడు. నా భుజం మీద చెయ్యి వేసి "నువ్వు సెప్పవే. నాను బిగించినప్పుడు అద్దం మూల ముద్ర ఉందా, నేదా?" అన్నాడు. ఉంది, నేను చూశాను అన్నాను. "ఈ ముక్కల్లో ఉందేమో ఎతుకు" అన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముక్కా తిప్పి చూశాను. ఎక్కడా లేదు. "లేదు" అన్నాను. అంటే నాన్న వేసిన అద్దం ఇది కాదు. అంటే ఎవరో మంచి అద్దం తీసి అమ్ముకుని, ఇంటి అద్దం దోపారు. కారు తాళాలు ఎవరి దగ్గరుంటాయి? ఆ మాట నాన్న అనలేదు. అనాల్సిన పని లేకుండా పోయింది, అందరూ బుద్రన్న వైపు చూశారు.

"సావుకారూ, ఆ తలుపు నాను ఇప్పనేదు" అన్నాడు బుద్రన్న. "నా గుంట కన్ను పోనాది. నాను మార్సుంటే దాన్ని ఆ పక్కన కూకోబెడతానా?" నాన్న నేల చూపులు చూశాడు. బుద్రన్న నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు కోపం వచ్చింది, నా నేస్తం కన్ను పోగొట్టి మళ్ళీ ఎలా చూస్తున్నాడో అని. మొహం తిప్పుకున్నాను. బంగ్లాలో బుద్రన్న పని పోయింది. సొంత కూతురి కన్ను అమ్ముకున్నవాడని పేరు పడింది. ఆ పేరుతో ఊళ్ళో ఉండలేక గురుబారిని తీసుకుని సీలేరు కాలనీ వైపు కూలికి వెళ్ళిపోయాడు. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. నాన్న ఆ ఏడే బండ్ల అద్దాలు వెయ్యడం మానేశాడు. ఫ్రేములు కట్టుకుంటూనే ముసలివాడైపోయాడు. సింహాచలానిది మెత్తటి మనసు, ఆ పిల్ల కన్ను పోవడం చూసి విరక్తి పుట్టింది అని బజారంతా అనుకుంది. నేనూ అలాగే అనుకుని, దాని గురించి ఒకసారి పత్రికలో వ్యాసం కూడా రాశాను. నాన్న గొప్ప మనసు మీద! అది తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

పెద్దకర్మ అయ్యాక నాన్న పనిముట్ల పెట్టె సర్దుతున్నాను. కట్టర్లు, స్కేళ్ళు, ఎండిపోయిన పుట్టీ డబ్బా. అడుగున ఒక పసుపు గుడ్డలో చుట్టి ఏదో ఉంది. విప్పితే అరచేతి వెడల్పు గాజు ముక్క, ఒక పక్క రెండంచులు నున్నగా కలిసి మూలయ్యాయి, రెండో పక్క కత్తి మొనలా సాగింది. మూలన గుండ్రటి తెల్ల ముద్ర. నా చెయ్యి నన్నడక్కుండానే అంచు మీదికి పోయింది. గోరు ఈ చివర నుంచి ఆ చివరకి జారింది. గీత లేదు. ముద్రని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. పెళ్ళి అద్దాల మీద పేర్ల లాగే, యాసిడ్ పోసి తేల్చిన అక్షరాలు.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "ఏటి సేత్తన్నావే?" అంది. నా చేతిలో ముక్క చూసి తలుపు దగ్గరగా వేసి గుమ్మంలో కూర్చుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"జోడు పలక కోసినప్పుడు అడ్డంగా పగిలిపోనాదే" అంది అమ్మ. "ఆయన సేతిలో అలాటిది ఎప్పుడూ జరగనేదు. పొద్దున్న షూటింగు, ఇంకో పలక రాదు. పోని ఇంటద్దం ముక్కెట్టి సినిమావోళ్ళని పంపించేసి, పలక రాగానే మార్సేద్దారనుకున్నాడు. అడిగితే ఏటంటాం అని ఆ ముద్ర కూడా ఏసీసినాడు. పలకొచ్చింది. ఇప్పుడు మార్సితే ఎందుకు మార్సినావంటారు అని ఇయ్యాల రేపు అన్నాడు. ఇంతట్లోకే అయిపోనాది."

"నన్ను కుడిపక్క కూర్చోమన్నాడు, అమ్మా!"

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. "దాన్ని పారేద్దారని ఎన్నిసార్లు తీసినాడో. మళ్ళీ దాసీవోడు. పోనోడి మీద కోపమెందుకే" అంది. ఎందుకా? జీపువాళ్ళకి ప్లైవుడ్ ముక్క బిగించి పంపిన మనిషి, ఒక్క పలక పగిలిందని ఒప్పుకోలేక కత్తి బిగించాడు. కత్తి పక్క నుంచి తన కూతుర్ని తప్పించి ఇంకొకడి కూతుర్ని కూర్చోనిచ్చాడు. ఆపైన ఆ కూతురి నోటితోనే ఆ తండ్రిని దొంగని చేయించాడు. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నేను ఆ రోజు మా నాన్న ఫోటో ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ రెండు చెవులూ మూసుకుంది. నా చిన్నతనమంతా ఆయన ఆ ముక్కతో పాటు గుడ్డలో చుట్టి దాచేశాడనిపించింది.

గురుబారి సీలేరు నుంచి ఎప్పుడో తిరిగి వచ్చిందని, డుంబ్రిగుడ సంతలో అల్లం, రాజ్మా అమ్ముతుందని వాకబు చేస్తే తెలిసింది. వచ్చే సంతకి ముక్క తీసుకుని వెళ్ళాను. ముప్పై ఏళ్ళ కిందట ఈ సంతకి మనుషులు తలల మీద గంపలతో కొండలు దిగి వచ్చేవారు, ఇప్పుడు ఆటోలు బారులు తీరి ఉన్నాయి. చింతచెట్టు మాత్రం అక్కడే ఉంది. గురుబారి నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. నేనే దాన్ని గుర్తుపట్టలేకపోయాను. ఎడమ కనుబొమ నుంచి బుగ్గ దాకా మచ్చ, జుట్టు నెరిసింది. "కూకో" అని గోనె జరిపింది. నేను గుడ్డ విప్పి ముక్క చేతిలో పెట్టాను. గురుబారి ముద్ర వైపు చూడనే లేదు. బొటనవేలి గోరుతో అంచు రాసింది.

"గీత నేదు" అంది.

"లేదు. మా నాన్నే వేశాడు. నాకిప్పుడే తెలిసింది, గురుబారీ. మీ అయ్య ఎక్కడున్నాడు? ఆయన కాళ్ళ మీద పడాలి."

"పోయినాడు. శానా ఏళ్ళయింది." ముక్క మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. "నాకు అప్పుడే తెల్సు."

"ఎలా?"

"ఆ దినం మంట నేదు గదా. మనిద్దరం మీ అరుగు మీద కూకున్నాం, నీలం మంట సూద్దారని. మీ అయ్య తలుపేసీసినాడు. స్పిరిట్టు వాసన కూడా రానేదు. నువ్వే అన్నావు, ఏటే, ఇయ్యాల మంటెట్టకుండా ఎలా కోసీసినాడు అని."

అన్నాను. అది చెప్పగానే నా గొంతే నాకు వినిపించింది. ఆ రోజు తలుపు సందులోంచి వచ్చిన పుల్లటి యాసిడ్ వాసన కూడా గుర్తొచ్చింది.

"ఆస్పత్రిలో అది గుర్తొచ్చి మా అయ్యకి సెప్పినాను" అంది గురుబారి. "మా అయ్య అన్నాడు, నువ్వు సిన్నపిల్లవి, నా కూతురివి, నీ మాట నమ్మరు. సావుకారి కూతురుంది గదా, అది సెప్తాది, అది నీ నేస్తం అన్నాడు. నువ్వు అబద్దమాడనేదు, రవణా. అడిగిందానికి సెప్పినావు. మా అయ్య ఇంకో మాట కోసం నీకేసి సూసినాడు."

ఆ చింతచెట్టు కింద నాన్న చెయ్యి భుజం మీద ఉన్నప్పుడు నాకు ఆ మంట గుర్తొచ్చిందా? పెద్దకర్మ నాటి నుంచి నాన్న చేసిన మోసాన్ని తలుచుకుని కుమిలిపోతున్న నేను, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. గుర్తు రాలేదని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. మొహం ఎందుకు తిప్పుకున్నాను మరి?

"ఇది నీ దగ్గర ఉంచు" అని ముక్క ఇవ్వబోయాను.

"నాకేల?" అని గురుబారి లేచింది. "నలుగురి ముందర, ఆ సెట్టు కింద అన్నావు. మావోళ్ళలో ఏ సోట అన్న మాట ఆ సోటే ఎనక్కి తీసుకోవాల. అప్పటి నాయుడు ఇంకా ఉన్నాడు, అదిగో సుట్ట కాలుస్తన్నాడు. బేగి రా, నాకు బేరాలున్నాయి."

ముసలి నాయుడు చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవులు?" అన్నాడు. "అద్దాల సావుకారి కూతురు. మా అయ్య గురించి మాట సెప్తాదంట" అంది గురుబారి గట్టిగా. అల్లం బేరం ఆడుతున్న ఇద్దరు ముసలివాళ్ళు ఇటు తిరిగారు. ఇంకో నలుగురు ఆగారు. నేను ముక్కని అందరికీ కనిపించేలా పట్టుకున్నాను.

"బంగ్లా కారుకి ఈ అద్దం వేసింది మా నాన్న" అన్నాను. "బుద్రన్న ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజు షాపులో మంట లేదు. నాకు తెలుసు."

"ఎప్పుడు తెల్సు?" అన్నాడు నాయుడు.

గురుబారి ఒంటికంటితో నా వైపే చూస్తోంది, అప్పుడు వాళ్ళ నాన్న చూసినట్టే. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"అప్పుడే" అన్నాను.